మంచి యాడ్ క్యాంపెయిన్ చేయించడం ఎలా? క్రియేటివ్ టీమ్‌ని నడిపేవాళ్ల కోసం

క్రియేటివ్ డైరెక్టర్ కుర్చీలో కొత్తగా కూర్చున్నవాళ్లని ముందుగా పట్టుకునే టెన్షన్ ఒకటుంది: అందరికంటే మంచి ఐడియా తనకే రావాలేమో అని. అక్కర్లేదు. ఐడియాలు తేవడానికి టీమ్ ఉంది, చాలాసార్లు మీకంటే బాగానే తెస్తుంది. నేను చూసినంతలో క్యాంపెయిన్లు చెడేది రెండు చోట్ల. ఒకటి, పని మొదలవకముందే, అసలు సమస్య ఏమిటో ఎవరూ తేల్చి రాయనప్పుడు. రెండోది, పని చేతికొచ్చాక, దాని మీద అందరూ తలోమాట అనే టేబుల్ దగ్గర. నాయకుడి సమయంలో ఎక్కువ భాగం ఈ రెండు చోట్లకే పోవాలి. ఇక్కడా వాటి గురించే ఎక్కువ చెబుతాను.

మాటలు గాల్లో తేలకుండా ఒక పని ఊహించుకుందాం. వినికిడి పరికరాలు, అదే చెవి మిషన్లు, తయారుచేసే ఒక కంపెనీ మీ దగ్గరికి వచ్చింది. "మా కొత్త మోడల్ చాలా చిన్నది, బయటికి కనపడదు. మంచి వీడియో ఒకటి చేసిపెట్టండి" అంది.

1. అడిగింది రాసుకోండి, వెంటనే ఒప్పుకోకండి

క్లయింట్ వీడియో అడుగుతాడు. అతనికి కావలసింది వీడియో కాదు, అమ్మకాలు. ఈ రెంటికీ మధ్య ఒక మనిషి ఉన్నాడు: ఇప్పుడు ఒక పని చేస్తూ, రేపు ఇంకో పని చేయాల్సిన మనిషి. మొదటి మీటింగులో మీరు రాబట్టాల్సింది ఆ మనిషి గురించి. ఎవరు? ఇప్పుడేం చేస్తున్నాడు? మన యాడ్ చూశాక ఏం చేయాలి? ఇప్పటిదాకా ఎందుకు చేయలేదు?

చివరి ప్రశ్నే ముఖ్యం. "మా ప్రొడక్ట్ గురించి జనానికి తెలియదు" అన్నది ఆ ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు, తప్పయ్యే అవకాశం కూడా దానికే ఎక్కువ. తెలియకపోవడమే అడ్డంకి అయితే మన పని చాలా తేలిక. జనానికి తెలుసు, అయినా కదలరు.

దీనికి పాల కథ మంచి ఉదాహరణ. అమెరికాలోని కాలిఫోర్నియాలో పాల అమ్మకాలు తగ్గుతూ వచ్చాయి. పాలు ఒంటికి మంచివని ఏళ్ల తరబడి యాడ్లు చెబుతూనే ఉన్నాయి. ఆ మాట కాదనేవాళ్లు లేరు, అలాగని ఎక్కువగా కొన్నవాళ్లూ లేరు. 1993లో గుడ్‌బీ సిల్వర్‌స్టీన్ ఏజెన్సీ ప్రశ్ననే తిరగేసింది. కొంతమందిని ఒక వారం పాలు లేకుండా గడపమంది. అప్పుడు బయటపడింది అసలు విషయం: పాలు ఉన్నంతకాలం వాటిని ఎవరూ తలుచుకోరు, సరిగ్గా బిస్కెట్టు నోట్లో పెట్టుకున్నాక డబ్బా ఖాళీ అని తెలిస్తే మాత్రం ప్రాణం విసుగెత్తిపోతుంది. 'గాట్ మిల్క్?' క్యాంపెయిన్ మొత్తం ఆ విసుగు మీద నిలబడింది. మొదటి యాడ్‌లో ఒకతనికి రేడియో నుంచి ఫోన్ వస్తుంది. బహుమతి ప్రశ్నకు జవాబు అతనికి కరతలామలకం. కానీ నోటి నిండా వేరుశనగ వెన్న రాసిన బ్రెడ్డు, గొంతు దిగడానికి చుక్క పాలు లేవు. మాట పెగలదు, బహుమతి పోతుంది. పోషకాల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

చెవి మిషన్ దగ్గర కూడా ఇదే పని చేయండి. కంపెనీ లెక్క ప్రకారం అడ్డంకి పరిమాణం: పెద్దగా ఉంటే సిగ్గు, చిన్నగా చేస్తే కొంటారు. నిజమే కావచ్చు. కానీ టీమ్‌ని పంపి వినికిడి తగ్గినవాళ్లతో, వాళ్ల ఇంట్లోవాళ్లతో, చెవి పరీక్ష చేసే ఆడియాలజిస్టులతో మాట్లాడించండి. వీలైతే మీరూ వెళ్లండి. రిపోర్టులో చదివితే "వినియోగదారులు అంగీకరించే దశలో లేరు" అని ఉంటుంది. ఎదురుగా కూర్చుంటే వినపడే మాట వేరు: "నాకు బాగానే వినిపిస్తుందమ్మా. ఈ మధ్య మీరే గొణుగుతున్నారు."

ఆ మాట వెనక శాస్త్రం కూడా ఉంది. వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందు పోయేది హెచ్చు పౌనఃపున్యం ఉన్న, అంటే సన్నగా కీచుమనే, శబ్దాలు. స, ష, ఫ, త లాంటి హల్లుల్లో స్పష్టతనిచ్చేది అవే. అచ్చులు బాగానే చేరతాయి కాబట్టి మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. అంటే ఆ పెద్దాయన అబద్ధం ఆడటం లేదు. ఆయన చెవికి లోకం నిజంగానే గొణుగుతోంది.

ఇక్కడితో మీ పని సగం అయినట్టే. పరికరం సైజు పక్కకు వెళ్లిపోయింది, లోపం తనలో లేదు ఎదుటివాళ్లలో ఉందన్న నమ్మకం ముందుకొచ్చింది.

2. బ్రీఫ్ ఒక్క పేజీ. అందులో అసలైంది ఒక్క వాక్యం

బ్రీఫ్ అంటే పని మొదలయ్యే ముందు, ఎవరికి ఏం చెప్పాలో రాసి టీమ్ చేతికిచ్చే కాగితం. వాడేవాళ్ల మాటను తెచ్చి టీమ్ ముందు పెట్టడానికి ఒక మనిషే ప్రత్యేకంగా ఉండాలన్న ఆలోచన 1968 ప్రాంతంలో లండన్‌లో మొదలైంది. జె. వాల్టర్ థామ్సన్ ఏజెన్సీలో స్టీఫెన్ కింగ్, బీఎంపీ ఏజెన్సీలో స్టాన్లీ పొలిట్ దాదాపు ఒకే సమయంలో ఆ పని మొదలుపెట్టారు. అకౌంట్ ప్లానింగ్ అని పిలిచే ఆ పనికి మీ ఆఫీసులో మనిషి ఉంటే అదృష్టం. లేకపోతే ఆ కుర్చీ కూడా మీదే.

బ్రీఫ్‌లో ఉండాల్సినవి: ఎవరితో మాట్లాడుతున్నాం, వాళ్లు ఇప్పుడేమనుకుంటున్నారు, ఏమనుకోవాలి, వాళ్లు నమ్మడానికి మన దగ్గరున్న ఆధారం, తప్పనిసరిగా పెట్టాల్సినవి, డబ్బు, గడువు. వీటన్నిటికీ మధ్యలో చెప్పదలచుకున్న ఒక్క మాట. ఆ వాక్యంలో "మరియు" వచ్చిందంటే రెండు మాటలు చెబుతున్నారని అర్థం. ఒకటి కొట్టేయండి.

మొదటి డ్రాఫ్టు సాధారణంగా ఇలా వస్తుంది: "అత్యాధునిక టెక్నాలజీతో, సౌకర్యవంతమైన, కనిపించనంత చిన్న పరికరంతో జీవితాన్ని పూర్తిగా ఆస్వాదించండి." ఇందులో తప్పేమీ లేదు. అదే గొడవ. దీన్ని ఎవరూ కాదనరు, దీన్నుంచి ఎవరికీ ఏ ఐడియా రాదు. పైగా కంపెనీ పేరు తీసేసి పోటీ కంపెనీ పేరు పెడితే ఇంకా చక్కగా అతుకుతుంది.

రెండోసారి రాస్తే: "గొణుగుతున్నది వాళ్లు కాదు, మీ చెవికి హల్లులు అందడం లేదు." ఇది విన్న కాపీరైటర్, అంటే యాడ్‌కి మాటలు రాసే మనిషి, చేతులు కట్టుకుని కూర్చోలేడు. గొణిగే న్యూస్ రీడర్, గొణిగే మనవరాలు, గొణిగే పెళ్లి మంత్రాలు, అన్నీ వరసగా వచ్చేస్తాయి. బ్రీఫ్ బాగుందో లేదో తేల్చే పరీక్ష నాకు తెలిసి ఇదొక్కటే: చదివి వినిపించిన పది నిమిషాల్లో గదిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి మొదలుపెట్టాలి. ఎవరూ మాట్లాడకపోతే టీమ్‌ని అనకండి, బ్రీఫ్ తిరిగి రాయండి.

ఆధారం విషయంలో కక్కుర్తి పడొద్దు. 1962లో ఏవిస్ అనే కారు అద్దె కంపెనీ నష్టాల్లో ఉంది, మార్కెట్లో హెర్ట్జ్ తర్వాతి స్థానం. డీడీబీ ఏజెన్సీ మనుషులు కంపెనీలో ఎంత వెతికినా గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు. మేం రెండో స్థానంలో ఉన్నాం కాబట్టి ఎక్కువ కష్టపడతాం అన్న ఒక్క నిజం దొరికింది, దాన్నే హెడ్డింగ్ చేశారు. కాపీ రాసింది పౌలా గ్రీన్. కంపెనీ తనకు తానే రెండో స్థానం అని చెప్పుకోవడం అప్పటికి ఎవరూ ఊహించని పని. ఏడాదిలో ఏవిస్ లాభాల్లోకి వచ్చింది. ఆ యాడ్ కస్టమర్లతో పాటు ఏవిస్ ఉద్యోగుల మీద కూడా పనిచేసింది: యాష్‌ట్రే శుభ్రంగా ఉంటుందని పేపర్లో వేసుకున్నాక, లేకపోతే పరువు పోయేది కౌంటర్లో కూర్చున్న మనిషిదే మరి.

క్లయింట్‌తో బ్రీఫ్ మీద సంతకం పెట్టించుకోండి. మొహమాటం వద్దు. నెల తర్వాత "అసలు మేం చిన్న సైజు గురించి చెప్పమన్నాం కదా" అన్నప్పుడు ఆ కాగితమే మీకు దిక్కు.

3. టీమ్‌ని కూర్చోబెట్టే పద్ధతి

రాసేవాళ్లనీ బొమ్మ గీసేవాళ్లనీ జంటగా కూర్చోబెట్టండి. ఇప్పుడిది మామూలు విషయంలా కనిపిస్తుంది కానీ, ఒకప్పుడు కాపీరైటర్ మాటలు రాసి పక్క గదికి పంపితే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాటికి బొమ్మ తగిలించేది. 1949లో మొదలైన డీడీబీలో బిల్ బెర్న్‌బాక్ ఆ ఇద్దరినీ ఒకే గదిలోకి తెచ్చాడు. పదేళ్ల తర్వాత అక్కడి నుంచే ఫోక్స్‌వాగన్ కోసం 'థింక్ స్మాల్' వచ్చింది: పేజీ నిండా తెల్లటి ఖాళీ, ఓ మూల చిన్న కారు. మాటా బొమ్మా విడివిడిగా పుట్టి ఉంటే అంత ఖాళీని ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు.

అందరూ ఒకేసారి గదిలో చేరి అరుచుకునే బ్రెయిన్‌స్టార్మింగ్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆ పద్ధతిని ప్రచారం చేసిన అలెక్స్ ఆస్‌బార్న్ కూడా యాడ్ మనిషే, బీబీడీఓ ఏజెన్సీలో భాగస్వామి. కానీ 1958లో యేల్ యూనివర్సిటీలో దాన్ని పరీక్షించి చూస్తే, నలుగురు కలిసి కూర్చున్నప్పటికంటే వేరే నలుగురు విడివిడిగా ఆలోచించినవి కలిపినప్పుడే ఎక్కువ ఐడియాలు, మెరుగైన ఐడియాలు వచ్చాయి. గదిలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగేలోపు తమది మర్చిపోతారు, లేదా విన్నదాని వెంట పోతారు. అందులోనూ మాట్లాడేది బాసు అయితే ఇక చెప్పేదేముంది.

కాబట్టి వరస ఇలా పెట్టండి. ముందు ఒంటరిగా, ఒక రోజు. తర్వాత జంటగా, రెండు రోజులు. ఆ తర్వాతే టేబుల్ దగ్గరికి. తెచ్చినవన్నీ గోడకు అంటించండి, ఎవరిది ఏదో రాయకుండా. మీరు చివర మాట్లాడండి. మీ ఐడియా ఉంటే అది కూడా పేరు లేకుండా గోడ మీదికే వెళ్లాలి. టీమ్‌లో అందరికంటే చిన్నవాళ్లతో మొదట మాట్లాడించడం మంచి అలవాటు. సీనియర్ ఒకసారి "బాగుంది" అన్నాక జూనియర్ నోట ఇంకో మాట రాదు.

మొదటి రోజు వచ్చేవి అందరికీ వచ్చేవే. చెవి మిషన్ అంటే మనవరాలి మాట మొదటిసారి విని కళ్లనీళ్లు పెట్టుకునే తాతయ్య ప్రతి జంట దగ్గరా ఉంటాడు. అతన్ని తిట్టకుండా గోడ మీద అంటించి, "ఇది వచ్చేసింది, ఇక తర్వాత?" అనండి. మిగతా రెండు రోజులు అందుకే ఇచ్చాం.

4. ఎంచుకోవడం

గోడ మీద ముప్ఫై కాగితాలు ఉన్నాయనుకుందాం. నచ్చినవి కాకుండా పనికొచ్చేవి ఏరడానికి నేను అడిగే ప్రశ్నలు కొన్ని. బొమ్మ చూపించకుండా ఫోన్‌లో ఒక్క వాక్యంలో చెబితే అవతలివాళ్లకి అర్థమవుతుందా? బ్రాండ్ తీసేస్తే యాడ్ కూలిపోతుందా? కూలిపోవాలి. కూలకపోతే జనం యాడ్‌ని గుర్తుపెట్టుకుని కంపెనీని మర్చిపోతారు. ఇంకో మూడు యాడ్లు ఇదే కొమ్మకు కాస్తాయా? ఒక్కటే యాడ్ వస్తే అది జోకు, పది వస్తే క్యాంపెయిన్. మన బ్రీఫ్‌లోని ఆ ఒక్క వాక్యం ఇందులో ఉందా, లేక ఐడియా ముద్దుగా ఉందని వాక్యాన్ని మర్చిపోయామా?

చూడగానే కొంచెం భయం వేసిందంటే దాన్ని పక్కన పెట్టేయకండి. క్యాడ్‌బరీ కోసం 2007లో ఫాలన్ లండన్ ఏజెన్సీ చేసిన 90 సెకన్ల యాడ్‌లో ఒక గొరిల్లా డ్రమ్స్ వాయిస్తుంది, అంతే. చాక్లెట్ తినేవాళ్లు ఎవరూ ఉండరు. కంపెనీ లోపలే చాలామంది వద్దన్నారు. చివరికి విడుదలై బ్రాండ్‌కి మళ్లీ ఊపు తెచ్చింది. యాపిల్ '1984' యాడ్ అయితే బోర్డు సభ్యులు చూసి పెదవి విరిచారు, కొన్న టీవీ సమయాన్ని తిరిగి అమ్మేయమన్నారు. 60 సెకన్ల స్లాటు ఒకటి మిగిలిపోయి, 1984 జనవరి 22న అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మధ్యలో ప్రసారమైంది.

అయితే ఈ కథలు చెప్పుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. బోర్డు వద్దన్న యాడ్లలో నిజంగానే చెత్తగా ఉన్నవి వేలల్లో ఉంటాయి, వాటి కథలు ఎవరూ చెప్పరు. భయం వేసింది కాబట్టి గొప్పదని కాదు, భయం వేసినా ఆ ఒక్క వాక్యం చెక్కుచెదరకుండా ఉందా అన్నది చూడాలి.

మన పనిలో గెలిచేది ఏది? నా ఓటు ఒక రేడియో యాడ్‌కి. మొదట ఒక మామూలు వాక్యాన్ని హెచ్చు పౌనఃపున్యాలు కత్తిరించి వినిపిస్తాం. ఎవరో దిండు వెనక నుంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, సౌండు పెంచినా తేడా ఉండదు. తర్వాత అదే వాక్యం మామూలుగా: "నాన్నా, శనివారం సాయంత్రం వస్తున్నాం." ఆఖర్న ఒకే ఒక్క మాట: "వాళ్లు గొణగడం లేదు." మంచి చెవి ఉన్న కొడుక్కీ కూతురికీ నాన్న ఏం వింటున్నాడో మొదటిసారి తెలుస్తుంది. నాన్నకి ఒక సాకు పోతుంది, కానీ పరువు పోదు. పైగా పరీక్షకు తీసుకెళ్లేది ఎక్కువగా పిల్లలే.

5. ఫీడ్‌బ్యాక్: క్యాంపెయిన్లు ప్రాణం పోగొట్టుకునే చోటు

టీమ్ ఇంకో స్క్రిప్టు కూడా తెచ్చింది. పెద్దాయన ప్రతి ప్రశ్నకూ తప్పు జవాబు చెబుతుంటాడు, ఇంట్లో అందరూ పడీపడీ నవ్వుతారు. గదిలో కూడా నవ్వారు. మీకేదో నచ్చలేదు. ఇప్పుడు మీ నోటి నుంచి వచ్చే మాట మీద వచ్చే వారం పని ఆధారపడి ఉంది.

"ఇంకొంచెం ఎమోషనల్‌గా ఉంటే బాగుంటుంది." దీంతో టీమ్ వెనక వయొలిన్ పెట్టుకొస్తుంది. "చివర్లో ఆయన నవ్వినట్టు చూపించండి." ఇది మీరే రాసేయడం, ఇక వాళ్లు మీ చేతులైపోతారు. "ఏదో తగ్గింది, చూడండి." ఇది నిద్ర పోగొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఇలా అని చూడండి: "ఇందులో నవ్వు నాన్న మీద పడుతోంది. ఇంట్లో ఆయన కూడా పక్కనే కూర్చుని ఈ యాడ్ చూస్తాడు. ఆయన ఆ క్షణంలో ఏం చేస్తాడు?" ఎవరో ఒకరు అంటారు, "ఛానెల్ మారుస్తాడు." అంతే, మీరిక మాట్లాడక్కర్లేదు. సమస్యకు పేరు పెట్టి, మందు రాయకుండా వదిలేశారు. రెండు రోజుల్లో అదే జంట అదే జోకుని తిప్పి తెస్తుంది: కెమెరా పెద్దాయన వైపు నుంచి, న్యూస్ రీడర్ నుంచి పూజారి దాకా లోకమంతా గొణుగుతుంటే విసుక్కునే మనిషి. ఇప్పుడు నవ్వు ఆయనతో కలిసి వస్తుంది.

ఒక ఐడియాని కొట్టేసేటప్పుడు కారణం చెప్పండి, బ్రీఫ్‌లో ఏ వాక్యానికి అది అతకలేదో చూపించండి. "నాకు నచ్చలేదు" అన్నది కారణం కాదు. రెండుసార్లు అలా అంటే మూడోసారి టీమ్ మీకు నచ్చేవి మాత్రమే తెస్తుంది, మీ అభిరుచి ఎంతో ఏజెన్సీ అంతే అయిపోతుంది. మెచ్చుకోవడంలోనూ అంతే. "సూపర్" అనేదానికంటే "ఆఖరి మాటకి ముందు ఆ ఒక్క సెకను నిశ్శబ్దం పెట్టారు చూడండి, యాడ్ అక్కడ నిలబడింది" అన్న మాటతో రెట్టింపు పని జరుగుతుంది.

క్లయింట్ వైపు నుంచి వచ్చే ఫీడ్‌బ్యాక్ ఒకే మనిషి ద్వారా రావాలి, రాతపూర్వకంగా. మార్కెటింగ్ వాళ్లొకటి, సేల్స్ వాళ్లొకటి, ఎండీగారి భార్య ఒకటి చెబితే ముగ్గురినీ తృప్తిపరిచే యాడ్ నాలుగోవాడికి అక్కర్లేనిదై కూర్చుంటుంది. ఏవిస్ అధిపతి రాబర్ట్ టౌన్‌సెండ్ డీడీబీతో పెట్టుకున్న ఒప్పందం ప్రతి మీటింగ్ గదిలో అంటించదగింది: యాడ్‌ని ఒప్పుకుంటాం లేదా వద్దంటాం, మెరుగులు దిద్దే పని మాత్రం పెట్టుకోం. అందరు క్లయింట్లూ అంత ఉదారంగా ఉండరు. కానీ "లోగో పెద్దది చెయ్యండి" అన్నప్పుడు వెంటనే సరే అనకుండా "మీకు ఏది కనపడటం లేదనిపిస్తోంది?" అని అడగొచ్చు. చాలాసార్లు అసలు బాధ వేరే ఉంటుంది: తమ పేరు వినపడేసరికి జనం లేచి వెళ్లిపోతారేమోనన్న భయం. దానికి లోగో పెంచడం కంటే మంచి మందులు ఉన్నాయి.

ప్రజెంటేషన్‌కి టీమ్‌ని తీసుకెళ్లండి, ఎవరి పని వాళ్లనే చెప్పనివ్వండి. దెబ్బలు తగిలితే మాత్రం మీరు ముందుండాలి.

ఇంకో జాగ్రత్త. 2017లో పెప్సీ, ఒక మోడల్ నిరసన ప్రదర్శనలోకి వెళ్లి పోలీసుకి డ్రింక్ అందించే యాడ్ విడుదల చేసింది. విమర్శలు వెల్లువెత్తడంతో మర్నాడే వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది. ఆ యాడ్ కంపెనీ సొంత స్టూడియోలో తయారైంది. లోపల పనిచేసేవాళ్లకి లోపలి మాటే వినపడుతుంది. షూటింగ్‌కి ముందు స్క్రిప్టుని ఈ పనితో సంబంధం లేనివాళ్లకి, ముఖ్యంగా యాడ్‌లో ఎవరిని చూపిస్తున్నారో వాళ్లకి చూపించండి. మన విషయంలో అంటే చెవి మిషన్ పెట్టుకున్న పది మందికి.

6. ఎక్కడ, ఎంత

ఇది యాడ్ ఎక్కడ ఎంత వేయాలో లెక్కలేసే మీడియా ప్లానర్ల రాజ్యం కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఒకే వీడియోని కత్తిరించి అన్నిచోట్లా పడేయకండి. ఫోన్‌లో చాలామంది సౌండు లేకుండా చూస్తారు కాబట్టి మన రేడియో ఐడియా అక్కడ పనిచేయదు. అక్కడ హల్లులు ఎగిరిపోయిన సబ్‌టైటిల్ పెట్టొచ్చు: "...ా...ా, ...ి...ా...ం". ఐడియా అదే, రూపం వేరు. బ్రాండ్ మొదటి కొన్ని సెకన్లలోనే ఏదో రూపంలో తెలియాలి, ఆఖర్న చెబుదామంటే అప్పటికి వేలు పైకి జరిపేసి ఉంటుంది.

డబ్బు విషయంలో లెస్ బినే, పీటర్ ఫీల్డ్ అనే ఇద్దరు, బ్రిటన్‌లో యాడ్ ఏజెన్సీల సంఘం ఐపీఏ ఇచ్చే అవార్డులకు వచ్చిన క్యాంపెయిన్ల కేసులన్నీ తిరగేసి 2013లో ఒక లెక్క చెప్పారు: సుమారు 60 శాతం బ్రాండ్‌ని మనసులో నిలపడానికి, 40 శాతం వెంటనే కొనిపించడానికి. ఇది సగటు, శాసనం కాదు. వ్యాపారాన్ని బట్టి మారుతుంది. కానీ డబ్బంతా "ఈరోజే ఫోన్ చేయండి, డిస్కౌంట్ పొందండి" మీదే పెట్టే క్లయింట్‌కి చూపించడానికి బాగా పనికొస్తుంది.

7. కొలిచేది ముందే తేల్చుకోండి

క్యాంపెయిన్ అయ్యాక కొలతలు వెతికితే ఏదో ఒక గ్రాఫ్ పైకి పోతూ కనిపించి తీరుతుంది. అందుకే బ్రీఫ్ రోజే రాసుకోండి: ఏది మారితే గెలిచినట్టు? చెవి మిషన్‌కైతే అమ్మకాల కంటే ముందు వినికిడి పరీక్ష చేయించుకున్నవాళ్ల సంఖ్య. అందులోనూ పిల్లలు తీసుకొచ్చినవాళ్లు ఎంతమంది అన్నది ఇంకా మంచి కొలత, ఎందుకంటే మన యాడ్ నేరుగా కదిలించాల్సింది వాళ్లనే. రిసెప్షన్‌లో ఒక ప్రశ్న చేరిస్తే చాలు.

లైకులు, వ్యూస్ చూసుకోండి, సంతోషించండి, వాటిని ఫలితాల పేజీలో మాత్రం మొదటి వరసలో పెట్టకండి. క్లిక్కులు కూడా మోసం చేస్తాయి. ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ ఈబే 2012లో సెర్చ్ ఇంజన్లలో తన సొంత పేరు మీద ఇచ్చే యాడ్లు కొన్ని ఆపేసి చూసింది. ఆ క్లిక్కులు పోయాయి, కానీ వచ్చేవాళ్లు దాదాపు అందరూ పక్కనే ఉన్న మామూలు లింకు నొక్కి వచ్చారు. ఎలాగూ ఇంటికొచ్చే చుట్టానికి దారి ఖర్చులు ఇచ్చినట్టయింది. మీరు చేయగలిగిన నిజాయితీ అయిన పరీక్ష ఇదే: దాదాపు ఒకేలా ఉన్న రెండు ప్రాంతాలు తీసుకుని ఒకదానిలో యాడ్ నడపండి, రెండోదానిలో నడపకండి. రెంటి మధ్య తేడాయే మీ యాడ్ చేసిన పని.

ఫలితం బాగుంటే ఒక ప్రమాదం వస్తుంది, అది మీ లోపలి నుంచే. మూడు నెలలకి మీకూ క్లయింట్‌కీ ఆ యాడ్ చూసి చూసి మొహం మొత్తుతుంది, "కొత్తగా ఏదైనా చేద్దాం" అంటారు. జనం అప్పటికి దాన్ని సరిగ్గా చూసి కూడా ఉండరు. నైకీ 1988లో పట్టుకున్న 'జస్ట్ డూ ఇట్'ని ఇప్పటికీ వదల్లేదు. అమూల్ పాప 1966 నుంచి హోర్డింగుల మీద ఉంది, పాప అదే, సన్నివేశమూ మాటా మాత్రం అప్పటి వార్తని బట్టి మారతాయి. కాబట్టి రెండో విడతలో "వాళ్లు గొణగడం లేదు" అన్న మాటని ముట్టుకోకండి, గొణిగేవాళ్లని మార్చండి.

ఫలితం బాగాలేకపోతే ముందు బ్రీఫ్ తీయండి. వాక్యం తప్పా, ఐడియా తప్పా, జనానికి చేరలేదా, ఈ మూడింటిలో ఏది అన్నది విడివిడిగా చూడండి. జనానికి చేరకపోతే మంచి ఐడియాని చంపేయడం అన్యాయం. వాక్యమే తప్పయితే ఎన్ని యాడ్లు మార్చినా లాభం లేదు, మళ్లీ ఆడియాలజిస్టు గది బయట కుర్చీలో కూర్చుని, ఈసారి పరీక్ష చేయించుకుని కూడా మిషన్ కొనకుండా వెళ్లిపోయేవాళ్లతో మాట్లాడాలి. గోడ మీద మిగిలిపోయిన ఇరవై తొమ్మిది కాగితాలూ వెనక తేదీ, కొట్టేసిన కారణం రాసి ఫైల్లో ఉంచండి. వాళ్లు చెప్పేదానికి సరిపోయేది వాటిలోనే ఉండొచ్చు.